ఊరి పేరు దొరికేదాకా సముద్రం దాటొద్దు: పోలిష్-అమెరికన్ రికార్డులు ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

మావారిది చికాగోలో స్థిరపడ్డ పోలిష్ కుటుంబం. మా అత్తగారి తాతయ్య, నానమ్మ 1900ల మొదట్లో వచ్చి యూనియన్ స్టాక్ యార్డ్స్ అనే పశువుల మార్కెట్టు, కబేళాల పక్కన, బ్యాక్ ఆఫ్ ద యార్డ్స్ అనే పేటలో కాపురం పెట్టారు. ఆయన కబేళాలో కూలీ. ఆవిడ ఇంట్లో అద్దెకున్న కుర్రాళ్ళకు వండిపెట్టేది. వాళ్ళ గురించి ఇంట్లో మిగిలినవి పేర్లు, ‘రష్యన్ పోలండ్ నుంచి వచ్చారు’ అన్న ఒక్క ముక్క. అంతే. అక్కడి నుంచి మొదలుపెట్టి చాలా ఏళ్ళుగా వంశావళి వెతికే సైట్లు ఫ్యామిలీసెర్చ్ (ఉచితం), యాన్సెస్ట్రీ (చందా), జెనెటెకా, పోలండ్ ప్రభుత్వ ఆర్కైవ్స్ సైటు, చికాగో చర్చి పుస్తకాలు అన్నీ వాడుతూ వచ్చాను. పోలిష్ ఇంటికి కోడళ్ళుగా, అల్లుళ్ళుగా వెళ్ళిన తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువేం లేరు. వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా అసలు మాట. అమెరికాలో దొరికే ప్రతి కాగితం పని ఒక్కటే, పోలండ్‌లో ఏ ఊరో చెప్పడం. ఆ పేరు దొరక్కుండా పోలిష్ సైట్లలో వెతకడం దండగ. పోలండ్‌లో నోవా వియెష్, దొంబ్రోవా లాంటి పేర్లున్న ఊళ్ళు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెళ్తే ఎవరి తాతనో మన తాత చేసుకుంటాం. పైగా 1795 నుంచి 1918 దాకా పోలండ్ అనే దేశం మ్యాపులోనే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాయి. అందుకే ఒకే మనిషి ఒక సెన్సస్‌లో రష్యాలో, ఇంకో సెన్సస్‌లో పోలండ్‌లో పుట్టినట్టు ఉంటాడు. అది తప్పు కాదు, ఆ ఏడాది అడిగినవాళ్ళు అలా రాసుకున్నారు.

సెన్సస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మామూలు మనుషుల బతుకు బాగా కనబడేది అక్కడే. 1890 నాటి షీట్లు 1921 అగ్నిప్రమాదంతో దాదాపు అన్నీ పోయాయి, ఆ ఖాళీని ఎవరూ పూడ్చలేరు. 1900, 1910 మాత్రం బంగారం. మా వాళ్ళ 1910 షీటు చెబుతాను. ఇంటి యజమాని, స్టాక్ యార్డ్స్‌లో కూలీ. భార్య మరియాన్నా. ముగ్గురు పిల్లలు. వాళ్ళ కింద నలుగురు అద్దె కుర్రాళ్ళు, అందరూ అదే చోట పని. మరియాన్నా వరుసలో ఎంతమంది పిల్లలను కన్నది అనే గడిలో అయిదు, ఎంతమంది బతికున్నారు అనే గడిలో మూడు. మా అత్తగారికి ఆ ఇద్దరు పిల్లల సంగతి అప్పటిదాకా తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత నా వెతుకులాట మొత్తం ఆ ఇద్దరి కోసమే నడిచిందంటే అతిశయోక్తి కాదు.

ఆ అద్దె కుర్రాళ్ళను మాత్రం వదలకండి. నలుగురిలో ఇద్దరు మరియాన్నాకు తోడబుట్టినవాళ్ళని తర్వాత తేలింది. పక్కింటివాళ్ళు, పెళ్ళి సాక్షులు, జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిదండ్రులు, వీళ్ళలో సగం మంది ఒకే ఊరివాళ్ళయి ఉంటారు. మన మనిషి కాగితంలో ఊరి పేరు లేకపోతే వాళ్ళ కాగితాల్లో చూడండి.

పేర్ల సంగతి కొత్తవాళ్ళను బాగా టెన్షన్ పెడుతుంది. న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు పేర్లు మార్చేశారని ప్రతి పోలిష్ ఇంట్లోనూ చెబుతారు. అది నిజం కాదు. ఓడ జాబితా రాసేది బయల్దేరే రేవులో, ఓడ కంపెనీ గుమస్తాలు. ఇక్కడ అధికారులు ఆ జాబితాతో సరిచూసుకునేవాళ్ళు. పేర్లు మారింది తర్వాత, ఫ్యాక్టరీలో, బడిలో, సొంత ఇష్టంతో. మా అత్తగారి తాతయ్య పేరు వోయ్‌చెహ్. చర్చి లాటిన్‌లో అదాల్బెర్తుస్, సెన్సస్‌లో ఆల్బర్ట్, ముసలితనంలో జార్జ్. ఇవన్నీ ఒక్కరే. స్తనిస్వావ్ స్టాన్లీ అవుతాడు, చెస్వావ్ చెస్టర్ అవుతాడు, వ్వాదిస్వావ్ వాల్టర్ అవుతాడు, బ్రోనిస్వావా బెర్నీస్ అవుతుంది. ఈ జతలు నోటికి వచ్చేస్తే సగం పని అయినట్టే. ఇంటిపేరు స్పెల్లింగ్‌కు పట్టుబట్టకుండా మొదటి పేరు, వయసు, వీధి కలిపి వెతకండి.

వీధి అన్నాను కాబట్టి చికాగో వాళ్ళకు ఒక హెచ్చరిక. 1909లో నగరం ఇంటి నంబర్లు దాదాపు అన్నీ మార్చేసింది. ఓడ కాగితంలో ఉన్న నంబరు, 1910 సెన్సస్‌లో ఉన్న నంబరు వేరువేరుగా ఉన్నా ఇల్లు ఒకటే కావచ్చు. పాత నంబరుకు కొత్త నంబరు చూపించే అప్పటి పుస్తకం స్కాన్ ఆన్‌లైన్‌లో ఉంది, దాంతో నిమిషంలో తేలిపోతుంది.

ఇక ఓడ జాబితాలు. అందరూ న్యూయార్క్ రేవునే వెతుకుతారు. చికాగో, పిట్స్‌బర్గ్ వైపు వెళ్ళేవాళ్ళు చాలామంది బ్రెమెన్ నుంచి బాల్టిమోర్ వచ్చి, లోకస్ట్ పాయింట్ రేవులోనే బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలెక్కారు. మా నానమ్మ, అంటే మరియాన్నా, వచ్చింది కూడా అలాగే, 1909లో, పిల్లల్ని వెంటబెట్టుకుని. ఎల్లిస్ ఐలండ్ డేటాబేస్‌లో ఎంత వెతికినా ఆవిడ ఎందుకు దొరుకుతుంది? అమెరికా వైపు జాబితా దొరక్కపోతే హాంబర్గ్ రేవు జాబితాలు 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి, అవీ చూడండి. బ్రెమెన్ పాత జాబితాలు మాత్రం ఎక్కువ భాగం పోయాయి.

ఓడ జాబితాలో అసలు సరుకు ఎక్కడుందో చెబుతాను. 1907 నుంచి ప్రతి మనిషి వివరాలు రెండు పేజీల్లో ఉంటాయి. వెతికితే వచ్చేది ఎడమ పేజీ. చాలామంది అది డౌన్‌లోడ్ చేసుకుని వెళ్ళిపోతారు. తర్వాతి చిత్రం తెరవండి. వెనక దేశంలో దగ్గరి బంధువు పేరు, చిరునామా ఎడమ పేజీలో చివరికి ఉంటే, ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, చేతిలో డబ్బెంత, ఎత్తు, కళ్ళ రంగు, పుట్టిన ఊరు కుడి పేజీలో ఉంటాయి. మరియాన్నా బంధువు గడిలో వాళ్ళ నాన్న పేరు, ఊరి పేరు ఉన్నాయి. ఊరి పేరు జర్మన్ చెవికి విన్నట్టు రాసుంది, అయినా గుర్తుపట్టగలిగాం. ఎందుకంటే చికాగో చర్చి పెళ్ళి పుస్తకంలో ఆవిడ తమ్ముడి పేరు పక్కన అదే ఊరిని పోలిష్ ఫాదర్ సరైన స్పెల్లింగ్‌తో రాసిపెట్టాడు. పోలిష్ పారిష్‌లు, అంటే ఒక్కో చర్చి పరిధి, ఇక్కడే అమూల్యం. పాత చికాగో క్యాథలిక్ పుస్తకాల చిత్రాలు ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా ఉన్నాయి. అన్నిటికీ ఇండెక్స్ ఉండదు, పేజీ పేజీ తిప్పాలి. తిప్పండి, ఊరి పేరు దొరికే అవకాశం ప్రభుత్వ కాగితాల కన్నా వీటిలోనే ఎక్కువ.

మొదటి ప్రపంచ యుద్ధం డ్రాఫ్ట్ కార్డులు (సైన్యం కోసం మగవాళ్ళ నమోదు), పౌరసత్వం కాగితాలు, సోషల్ సెక్యూరిటీ దరఖాస్తు, వీటి గురించి ప్రతి గైడ్‌లోనూ రాస్తారు కాబట్టి నేను వేగంగా దాటేస్తాను. పౌరసత్వం కాగితాలు 1906 సెప్టెంబరు తర్వాతవైతేనే పుట్టిన ఊరు, ఓడ పేరు ఉంటాయని ఆశపెట్టుకోండి. సోషల్ సెక్యూరిటీ ఫారంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది.

ఎవరూ పెద్దగా చెప్పనిది ఇంకొకటుంది, అది ఆడవాళ్ళ కోసం. 1922 కేబుల్ చట్టం దాకా భర్త పౌరుడైతే భార్య కూడా దానంతటదే పౌరురాలు. ఆ తర్వాత భర్తకు పౌరసత్వం వచ్చినా ఆమె విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. చదువురాని, పిల్లలతో ఊపిరాడని ఆడవాళ్ళు చాలామంది పెట్టుకోలేదు. మా తాతయ్యకు పౌరసత్వం వచ్చింది 1920ల మధ్యలో, నానమ్మ చివరిదాకా విదేశీయురాలిగానే ఉండిపోయింది. 1940లో పద్నాలుగేళ్ళు దాటిన పౌరులు కానివాళ్ళందరూ పేరు నమోదు చేయించుకోవాలని చట్టం వచ్చింది. ఆ ఫారాలను పౌరసత్వ శాఖ వంశావళి విభాగం నుంచి రుసుము కట్టి తెప్పించుకోవచ్చు. పుట్టిన తేదీ, ఊరు, వచ్చిన ఓడ, చేసే పని, ఎత్తు, బరువు, వేలిముద్ర, సంతకం పెట్టగలిగితే సంతకం. పేరు పక్కన భార్య అన్న మాట తప్ప ఇంకేమీ లేకుండా పోయిన ఆడమనిషి గురించి రెండు పేజీల సమాచారం! నా లెక్కలో మొత్తం రికార్డుల్లో పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఇచ్చింది ఇదే.

ఊరు దొరికాక పోలండ్ వైపు. మా వాళ్ళది వొమ్జా ప్రాంతం, అప్పట్లో రష్యా ఏలుబడి. పోలిష్ వంశావళి సంఘం వలంటీర్లు నడిపే జెనెటెకా అనే ఉచిత సైటు ఉంది. దాన్ని మించిన సాధనం నాకు కనబడలేదు. ఇంటిపేరు, ప్రాంతం ఇస్తే సంవత్సరం, నమోదు సంఖ్య, తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు, ఏ పారిష్ అన్నీ వరసగా వస్తాయి. చాలా వాటికి అసలు పేజీ చిత్రానికి లింకు కూడా ఉంటుంది. చుట్టుపక్కల పారిష్‌లలో కూడా వెతకమని పెట్టుకోవచ్చు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనుషులు సాయంత్రాలు కూర్చుని ఎక్కించినదంతా ఇది. కుదిరితే విరాళం ఇవ్వండి. ఎక్కించని పారిష్‌లు ఇంకా ఉన్నాయి, అప్పుడు ప్రభుత్వ ఆర్కైవ్స్ సైటు షుకాయ్ వ్ ఆర్ఖీవాఖ్‌లో చిత్రాలు చూసుకోవాలి. ప్రష్యా భాగంలోని పాత పోజ్నాన్ రాష్ట్రం వాళ్ళయితే 1800–1899 పెళ్ళిళ్ళ కోసం పోజ్నాన్ ప్రాజెక్ట్‌తో మొదలుపెట్టండి.

1868 నుంచి రష్యా భాగంలో నమోదులు రష్యన్‌లో రాశారు. చూడగానే బెదిరిపోతారు, అవసరం లేదు. అచ్చులో పోసినట్టు అన్నీ ఒకటే నమూనా. మా ఇంటి పిల్లవాడి పుట్టుక నమోదు ఇలా సాగుతుంది: 1901 జనవరి 7/20న మధ్యాహ్నం మూడు గంటలకు రైతు వోయ్‌చెహ్, వయసు ఇరవై ఎనిమిది, ఫలానా ఊరివాడు, ఇద్దరు సాక్షులతో వచ్చి మగశిశువును చూపించి, నిన్న ఉదయం తన భార్య మరియాన్నా, ఫలానా ఇంటి ఆడపడుచు, వయసు ఇరవై రెండు, ప్రసవించిందని చెప్పాడు. చివర్లో, వచ్చినవాళ్ళకు చదువు రాదు కాబట్టి చదివి వినిపించి మేమే సంతకం చేశాం అని ఉంటుంది. తేదీలు రెండు ఎందుకంటే రష్యా పాత క్యాలెండర్, యూరప్‌లో చాలా దేశాలు కొత్త క్యాలెండర్. 1900 మార్చి దాకా పన్నెండు రోజుల తేడా, తర్వాత పదమూడు. అమెరికా కాగితంలో పుట్టిన తేదీ పదమూడు రోజులు అటూ ఇటూ అయితే వేరే మనిషి అనుకోకండి.

ఆ నమోదులో ఉన్న పిల్లవాడే 1910 సెన్సస్‌లో లేని ఇద్దరిలో ఒకడు. రెండేళ్ళ తర్వాత అదే పారిష్‌లో మరణం నమోదు. రెండోది ఆడపిల్ల, ఓడ దిగిన కొన్ని నెలలకే చికాగోలో పోయింది. కుక్ కౌంటీ మరణ నమోదులో కారణం డిఫ్తీరియా. ఇప్పుడు ఇద్దరి పేర్లూ, పుట్టిన రోజులూ మా అత్తగారి ప్రార్థన పుస్తకంలో రాసి ఉన్నాయి.

డబ్బు విషయం. చందా సైట్లలో ఒకదాని మీద నాకు కోపం ఉంది. అది పంపే ‘సూచనలు’ నొక్కుకుంటూ పోతే వేరే సభ్యులు కట్టుకున్న వంశవృక్షాలే మన వంశవృక్షంలోకి వచ్చి పడతాయి, ఆధారం చూపించరు. మా వోయ్‌చెహ్‌ను ఇరవై వంశవృక్షాల్లో ఆస్ట్రియా ఏలిన గలీషియాలో పుట్టినట్టు రాసిపెట్టారు, అందరూ ఒకరి దగ్గర ఒకరు తీసుకున్నదే. అసలు పేజీ చిత్రం కళ్ళతో చూడకుండా ఏదీ నమ్మకండి. యాన్సెస్ట్రీ లైబ్రరీ ఎడిషన్ చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఉచితం, ముందు మీ లైబ్రరీ కార్డుతో వెళ్ళండి. ఏం కావాలో జాబితా రాసుకుని, ఒక్క నెల చందా కట్టి, అన్నీ దించుకుని రద్దు చేసుకోండి. ఏడాది పొడవునా కట్టాల్సిన పని లేదు.

మన తెలుగువాళ్ళలో ఎవరికైనా దీనికి దగ్గరగా వచ్చేది దక్షిణాఫ్రికా కుటుంబాల అనుభవం. 1860 నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి నటాల్‌కు వెళ్ళిన ఒప్పంద కూలీల ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు రాసి ఉన్నాయి. అక్కడా అదే పద్ధతి, ఊరు పట్టుకున్నాకే సముద్రం దాటాలి. మన దగ్గర అవతలి ఒడ్డున జెనెటెకా లాంటిది లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

చివరగా దగ్గరి తరాల మాట. పోలండ్‌లో పుట్టుక నమోదులు వంద ఏళ్ళు, పెళ్ళి, మరణం నమోదులు ఎనభై ఏళ్ళు స్థానిక సివిల్ రిజిస్ట్రీ ఆఫీసులోనే ఉంటాయి, ఆ తర్వాతే ఆర్కైవ్స్‌కు వస్తాయి. ఆ లోపలివి కావాలంటే వారసులమని రుజువులతో రాయాలి. పోలిష్‌లో, పొట్టిగా, ఒక్కో ఉత్తరానికి ఒక్కో మనిషి గురించే అడగండి. మరియాన్నా చెల్లెలు అక్కడే ఉండిపోయింది, ఆవిడ పిల్లల కోసం మా ఉత్తరం ఈ నెలే వెళ్ళింది.