బోడీ: దారి, బస, కిటికీల్లోంచి చూసే ఊరు

కాలిఫోర్నియాలో జనం వదిలేసిన పాత బంగారు గనుల ఊరు బోడీ. అక్కడ పెట్రోలు దొరకదు, తిండి దొరకదు, గదులు లేవు, క్యాంపింగ్‌కు అనుమతి లేదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. పార్కింగ్ దగ్గర టాయిలెట్లున్నాయి, అంతే. ఇది తెలియక మధ్యాహ్నం ఆకలి వేళకు చేరే కుటుంబాలు గంటలో తిరుగుముఖం పడతాయి. నిజానికి ఆ ఊరికి కనీసం మూడు గంటలు కావాలి.

బోడీ ఉన్న మోనో కౌంటీ (మన జిల్లాలాంటిది) మొత్తానికీ ఇప్పుడు జనాభా పదమూడు వేలకు అటూ ఇటూ. 1880 ప్రాంతంలో ఒక్క బోడీలోనే ఏడెనిమిది వేల మంది ఉండేవారని అంచనా. బంగారం తగ్గాక జనం తగ్గారు. 1892లోనూ 1932లోనూ మంటలు ఊరిని చాలావరకు మింగేశాయి. ఇప్పుడు నిలిచున్నవి సుమారు 110 కట్టడాలు. 1962 నుంచి ఇది రాష్ట్ర పార్కు.

ఇక్కడి నిర్వహణ పద్ధతి ముందే తెలిసుంటే చూసేదంతా వేరుగా అర్థమవుతుంది. పాడుబడటాన్ని ఉన్నచోట ఆపుతారే గానీ పాత ఇంటిని కొత్తగా చేయరు. కప్పు కారితే అతుకు వేస్తారు, గోడ ఒరిగితే ఊతకర్రలు పెడతారు, అద్దం పగిలితే మారుస్తారు. రంగు మాత్రం వేయరు. పక్కకు వాలి, ఊతకర్రల మీద నిలబడ్డ స్వేజీ హోటల్ దీనికి మంచి ఉదాహరణ. నెవాడాలోని వర్జీనియా సిటీలాంటి పాత గనుల ఊళ్లలో షాపులు, బార్ల మధ్య చరిత్రను వెతుక్కోవాలి. ఇక్కడ అమ్మేదల్లా మైనర్స్ యూనియన్ (గని కార్మికుల సంఘం) హాల్లోని మ్యూజియం పక్కన దొరికే పుస్తకాలు, చిన్నాచితకా వస్తువులే.

లోపలికి వెళ్లనిచ్చే ఇళ్లు ఒకటీ రెండే. మిగతావన్నీ కిటికీలోంచే చూడాలి. అద్దానికి రెండు అరచేతులూ అడ్డం పెట్టి, కళ్లు అలవాటు పడేదాకా కాసేపు ఆగితే లోపలివి ఒక్కొక్కటే బయటపడతాయి: బడిలో బల్లలు, కిటికీ దగ్గర గ్లోబు, బూన్ స్టోర్ అరల్లో దుమ్ము పట్టిన డబ్బాలు. ఫోటో తీయాలంటే లెన్స్‌ను అద్దానికి పూర్తిగా ఆనించాలి, లేకపోతే వెనక ఉన్న ఆకాశమే పడుతుంది. 1882 నాటి మెథడిస్ట్ చర్చిలో పది ఆజ్ఞలు రాసిన గుడ్డను ఎవరో ఎత్తుకెళ్లారు. తలుపులు ఎందుకు మూసి ఉంచుతారో అక్కడే తెలిసిపోతుంది. మేకులూ గాజుముక్కలూ పట్టుకెళ్లి, తర్వాత కష్టాలు చుట్టుముట్టాయని క్షమాపణ లేఖలతో తిరిగి పోస్టులో పంపినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఊళ్లో అన్నిటికన్నా విలువైనది స్టాండర్డ్ మిల్లు. అది ఉన్న కొండవైపు ప్రమాదమని మూసి ఉంచుతారు, గైడుతో టూర్‌లో వెళితేనే లోపలికి ప్రవేశం. అందుకే ఊరు తిరగడం మొదలుపెట్టక ముందే టూర్ వేళలు అడగాలి. రాయిని పొడిచే ఇనుప రోకళ్లు, బంగారాన్ని పాదరసంతో పట్టే పద్ధతి దగ్గరనుంచి చూడొచ్చు. 1890ల తొలినాళ్లలోనే 13 మైళ్ల అవతల గ్రీన్ క్రీక్ నుంచి ఈ మిల్లుకు కరెంటు తెచ్చారు. మలుపుల దగ్గర కరెంటు జారిపోతుందనే భయంతో తీగను తిన్నగా లాగారని చెప్పుకుంటారు, నమ్మినా నమ్మకపోయినా వినడానికి బాగుంటుంది.

బసకు మా ఓటు దగ్గర్లోని బ్రిడ్జ్‌పోర్ట్ అనే చిన్న ఊరికే. 395 హైవే మీద బోడీ మలుపు అక్కడికి 7 మైళ్ల దక్షిణాన ఉంది. మోటళ్లు చిన్నవి, రెస్టారెంట్లు తక్కువ, శాకాహారులకు మరీ తక్కువ. కానీ ఉదయం గేటు తెరిచే వేళకు చేరిపోవచ్చు. 1880 నాటి తెల్లని కోర్టు భవనం అక్కడ ఇంకా పనిలోనే ఉంది. బోడీ చూసొచ్చి దాని ముందు నిలబడితే, వాడుకలో ఉన్న కట్టడానికీ వదిలేసినదానికీ తేడా కళ్లకు కడుతుంది. మోనో లేక్ కూడా చూడాలంటే ఆ సరస్సు పక్కనున్న లీ వైనింగ్ ఊరు నయం, వేసవిలో గదులు ఖరీదెక్కువ. ఇంకా దక్షిణాన ఉన్న మామత్ లేక్స్ పట్టణంలో సౌకర్యాలన్నీ ఉన్నాయి గానీ బోడీకి ఒకవైపే గంటకు పైగా పడుతుంది. యోసెమిటీ నేషనల్ పార్కు నుంచి టయోగా పాస్ అనే కనుమ మీదుగా వచ్చి బోడీ చూసి అదే రోజు తిరిగి వెళ్లే పథకం వద్దు. డ్రైవింగ్‌తోనే రోజు గడిచిపోతుంది.

హైవే నుంచి 270 రోడ్డు మీద 13 మైళ్లు. చివరి 3 మైళ్లు మట్టిరోడ్డు, ముడతలు ముడతలుగా ఉంటుంది. మామూలు కారు వెళుతుంది, గంటకు 15 మైళ్ల వేగం దాటకపోతే. వేగంగా పోతే టైరు పంక్చర్లు, ఊడే బోల్టులు. అద్దె కారైతే మట్టిరోడ్డు గురించి ఒప్పందంలో ఏముందో చదవాలి. ట్యాంకు హైవే మీదే నింపుకోవాలి. టికెట్‌కు నగదు దగ్గరుంచుకుంటే మంచిది. ఎత్తు 8,300 అడుగులకు పైమాటే, కాబట్టి మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, జులైలో కూడా ఒక స్వెట్టర్. నేల మీద తుప్పు మేకులుంటాయి, చెప్పులు పనికిరావు. కుక్కను గొలుసుతో తీసుకెళ్లొచ్చు. సిగరెట్టు పార్కింగ్‌లో మాత్రమే.

మంచు కాలంలో పార్కు తెరిచే ఉన్నా రోడ్డు పూడిపోతుంది, అప్పుడు స్కీలో స్నోమొబైలో కావాలి. వసంతంలో అదే దారి బురద. జూన్ నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా నిశ్చింత. లీ వైనింగ్ నుంచి వచ్చేవారికి మ్యాప్ ఒక్కోసారి 167 రోడ్డు మీదుగా కాటన్‌వుడ్ కాన్యన్ దారి చూపిస్తుంది. చూడటానికి దగ్గరే, కానీ మట్టిరోడ్డు చాలా ఎక్కువ, మరింత గతుకులు. ఎత్తైన బండి లేకపోతే 270నే పట్టుకోండి.