డబ్బు చాలనప్పుడు ఊరిని ఎలా అడగాలి: ఇంటింటి సర్వేనా, గ్రామసభా, వాడ మీటింగా?

పంచాయతీ ఎన్నికలు అయినప్పటి నుంచి తెలిసిన వార్డు సభ్యులంతా ఒకే మాట అడుగుతున్నారు: "ఖాతాలో డబ్బుల్లేవు. ఏ పని ఆపాలో జనాన్ని అడుగుదామంటే గ్రామసభ పెట్టాలా, ఇల్లిల్లూ తిరగాలా?" తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా పాలకవర్గాల్లేక కేంద్ర గ్రాంట్లు ఆగిపోయాయి. కరెంటు బిల్లులు, ట్రాక్టర్ కిస్తీలు పేరుకుపోయిన ఊళ్లు ఎన్నో. మా ఊరూ అందులో ఒకటి.

మేం మొదట సర్వే చేశాం. దాని బలం చిన్నది కాదు. పొద్దున్నే కూలికి పోయేవాళ్లు, మంచం పట్టిన ముసలివాళ్లు, సభలో నోరు తెరవని కోడళ్లు ఏమనుకుంటున్నారో తెలుస్తుంది. కానీ గడప దగ్గర నిలబడి "ఏం కావాలమ్మా" అంటే ఎవరైనా తమ గల్లీ సంగతే చెప్తారు. సీసీ రోడ్డు, మోరీ, వీధిలైటు. ఏది ఆపాలో చెప్పిన ఇల్లు ఒక్కటీ లేదు. తప్పు వాళ్లది కాదు, మేం అడిగిన తీరుది. పైగా కాగితం మీద రాసుకున్నామంటే మాట ఇచ్చినట్టే లెక్క.

నా మటుకు తేల్చాల్సింది ఒక్కటే: అడిగేటప్పుడు లెక్క జనం కళ్ల ముందుందా లేదా? 2026 మార్చి దాకా కాలానికి పంచాయతీలకు కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలి, రోడ్డుకు మళ్లించలేం. సిబ్బంది జీతాలు, కరెంటు బిల్లు ఎలాగూ తప్పవు. అవి పోగా మిగిలేది కొంచెం. అదెంతో తెలియని మనిషిని ఏది ముందు, ఏది వెనక అని అడగడం అన్యాయం.

అందుకే మా వాడ వరకు బడి వరండాలో, రాత్రి ఏడింటికి, అందరూ ఇల్లు చేరాక కూర్చున్నాం. బోర్డు మీద చాక్‌పీసుతో వచ్చేది ఒక పక్క, పోయేది ఒక పక్క రాశాం. సర్వేలో చెత్త బండి రోజూ రావాలని రాయించిన ఒకామె, ఇంటి పన్నుల్లోంచి డీజిల్‌కు పోతున్నది చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రోజు విడిచి రోజు వచ్చినా సర్దుకుంటం. పక్క కాలనీ బోరు మోటారు ముందు చేయించండి, పిల్లలు బిందెలు మోసుకుని మా కాడికి వస్తున్నరు" అంది. ఎవరూ కాదనలేదు.

గ్రామసభను తీసేయమని కాదు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాల్సిందే, తీర్మానం జరగాల్సిందీ అక్కడే. కానీ ఊరంతా ఒక్కచోట చేరితే మైకు ముందువరస దాటి రాదు. కేరళలో ఒక్కో వార్డు ఓటర్లే ఒక గ్రామసభ. మనకా వీలు లేదు కాబట్టి వాడల్లో ముందు కూర్చుని, తేలింది గ్రామసభకు తీసుకెళ్లడం మేలు. సర్వే చేస్తే కదల్లేనివాళ్ల ఇళ్లకే, అదీ లెక్క కాగితం చేతిలో పట్టుకుని వెళ్లండి.

వాట్సాప్ పోల్ గురించీ అడిగారు. నల్లా నీళ్ల టైం చెప్పడానికి గ్రూపు చాలు. ఓటుకు వద్దు, ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే పడుతుంది.

ఆపిన పనిని కూడా తీర్మానంలో రాయించండి. చెత్త బండి మళ్లీ రోజూ తిప్పే సంగతి వచ్చే గ్రామసభలో చూస్తామని మా తీర్మానంలో ఉంది.