గర్భసంచి ఆకారంలో తేడా ఉందన్నవాళ్లు చూపించుకోదగ్గ క్లినిక్

మా ఆడపడుచు చెబితే గుంటూరు నుంచి విజయవాడలోని ఈ హై రిస్క్ ప్రెగ్నెన్సీ క్లినిక్‌కి వెళ్లాను. నాది పుట్టుకతోనే రెండు కొమ్ములుగా ఉన్న గర్భసంచి. బైకార్న్యుయేట్ అంటారు. అబార్షన్లయ్యాక వేరేచోట మామూలు స్కాన్, ట్యూబుల ఎక్స్‌రే చూసి లోపల అడ్డుగోడ ఉంది, తీసేయాలని ఆపరేషన్‌కి డేట్ కూడా ఇచ్చేశారు.

ఇక్కడి మేడం పాత ఫైలంతా చదివి, ముందు త్రీడీ స్కాన్ చేద్దామన్నారు. అదీ వచ్చే నెలసరికి వారం పది రోజుల ముందు రమ్మన్నారు. అప్పుడైతే లోపలి పొర మందంగా ఉండి ఆకారం బాగా తెలుస్తుంది. స్కాన్ చేస్తూనే స్క్రీన్ నావైపు తిప్పి చూపించారు. గర్భసంచి పైభాగం బయటినుంచే ఒక సెంటీమీటరుకి మించి లోపలికి నొక్కుకుని ఉంది. పైన మామూలుగా ఉండి లోపల మాత్రం గోడ ఉంటే సెప్టేట్ అంటారు. ఎక్స్‌రేలో మందు నిండిన లోపలి భాగమే కనపడుతుంది కాబట్టి రెండూ ఒకేలా అనిపిస్తాయి. అంటే నాకు తీయడానికి అసలు గోడే లేదు! ఆ మాట విన్నాక చాలాసేపు నా చేతులు వణికాయి.

సెప్టేట్ ఉన్నవాళ్లు కూడా కంగారుపడి ఆపరేషన్‌కి ఒప్పుకోవద్దని ఆవిడ అన్నారు. 2021లో ఫలితాలు వచ్చిన ట్రస్ట్ అనే పరిశోధనలో 80 మంది ఆడవాళ్లు ఉన్నారు. గోడ తీయించుకున్నవాళ్లలో 31 శాతం మందికి, తీయించుకోనివాళ్లలో 35 శాతం మందికి బిడ్డలు పుట్టారు. చిన్న పరిశోధన కాబట్టి ఇదే ఆఖరి మాట కాదని కూడా చెప్పారు. ఇలా ఉన్నది ఉన్నట్టు చెప్పే డాక్టర్ని నేను అంతకుముందు చూడలేదు.

కిడ్నీలకి కూడా స్కాన్ చేశారు. ఈ సమస్య ఉన్న కొందరికి ఒక కిడ్నీయే ఉంటుంది. నాకు రెండూ ఉన్నాయి.

కడుపు నిలిచాక 16వ వారం నుంచి 24వ వారం దాకా రెండు వారాలకోసారి లోపలి స్కాన్‌తో గర్భసంచి ముఖద్వారం పొడవు కొలిచారు. 25 మిల్లీమీటర్ల కిందకి వస్తే నెలలు నిండకుండానే కాన్పయ్యే భయం ఎక్కువ. నాది తగ్గుతూ రావడంతో ప్రొజెస్టెరాన్ మందు రాశారు, ముఖద్వారం తెరుచుకోకుండా కుట్టు వేసే అవసరం రాలేదు. మా అత్తయ్య నన్ను మంచం దిగనిచ్చేవారు కాదు. మేడం ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మా, పడుకోబెట్టినంత మాత్రాన కాన్పు ఆగదు, కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు, ఇంట్లో తిరగనివ్వండి" అన్నారు. పాత అబార్షన్లు నేను బరువులెత్తడం వల్ల అయినవి కావనీ, నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడే గర్భసంచి రెండు సగాలు పూర్తిగా కలవలేదనీ ఆవిడకి తెలుగులో ఓపిగ్గా చెప్పారు. ఈ ఒక్కదానికే ఆ క్లినిక్‌కి వెయ్యి దండాలు పెట్టొచ్చు.

లోపం లేదా అంటే ఉంది. టోకెన్ తీసుకున్నా గంటలు గంటలు కూర్చోవాలి, నిండు గర్భిణులకి కుర్చీలు చాలవు. మధ్యాహ్నం దాటితే రిసెప్షన్ వాళ్లు ఫోన్ ఎత్తరు. పసిపిల్లల ఐసీయూ కూడా లేదు. ఆ సంగతి ఐదో నెలలోనే చెప్పి, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రిలో నా పేరు రాయించారు. 33వ వారంలో నొప్పులు మొదలైతే అక్కడే బిడ్డ ఊపిరితిత్తుల కోసం 24 గంటల తేడాతో రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. తర్వాత నొప్పులు ఆగాయి. పాప ఒక కొమ్ములోనే పెరిగింది, తిరగడానికి చోటు లేక ఎదురుకాళ్లతోనే ఉండిపోయింది. 36వ వారంలో సిజేరియన్ చేశారు. ఇప్పుడు పాపకి పళ్లు వస్తున్నాయి.

అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసినప్పుడు నెలసరి తేదీ చెప్పండి, స్కాన్ రోజు దాన్ని బట్టే ఇస్తారు. పాత రిపోర్టులతో పాటు ఎక్స్‌రే ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి. మేడం రిపోర్టు చదివి ఊరుకోరు, ఫిల్ము తానే చూస్తారు.