యాద్ వషెమ్ నుంచి అట్లిట్ దాకా: ఇజ్రాయెల్ తన పిల్లలకు చరిత్ర చెప్పే చోట్లు

ఇజ్రాయెల్ వెళ్లే తెలుగువాళ్లలో ఎక్కువమంది బెత్లెహేము, గలిలయ సముద్రం, యొర్దాను నది చూసి వచ్చే యాత్రికులే. వాళ్ల ప్యాకేజీలో జెరూసలేంలోని యాద్ వషెమ్ స్మారకానికి గంటో గంటన్నరో దొరికితే గొప్ప. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. నాజీలు 60 లక్షల మంది యూదులను చంపారన్న వాక్యాన్ని ఏటా పిల్లల చేత చదివిస్తాను. ఆ చరిత్రను యూదులు తమ పిల్లలకు ఎలా చెప్పుకుంటారో, అక్కణ్నుంచి 1948లో పుట్టిన దేశం దాకా ఎలా తీసుకొస్తారో చూడాలని మా చెల్లెలితో కలిసి వెళ్లాను. బడిపిల్లల బస్సులు ఆగే చోట్లకే ఎక్కువగా తిరిగాం.

మొదట యాద్ వషెమ్. హోలోకాస్ట్ (నాజీలు యూదులను చంపిన ఆ సంహారం) మృతుల కోసం 1953లో ఇజ్రాయెల్ పార్లమెంటు చట్టం చేసి పెట్టిన స్మారక సంస్థ. జెరూసలేంలో ట్రామ్ ఎక్కి మౌంట్ హెర్జెల్ స్టాప్‌లో దిగితే అక్కణ్నుంచి ఉచిత బస్సు ఉంటుంది. ప్రవేశానికీ డబ్బు తీసుకోరు కానీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. శనివారం మూసేస్తారు, శుక్రవారం మధ్యాహ్నానికే తలుపులు వేసేస్తారు. పదేళ్లలోపు పిల్లలను ప్రధాన మ్యూజియంలోకి రానివ్వరు. లోపల ఫొటోలు తీయకూడదు. ఆడియో గైడ్ అద్దెకిస్తారు. వీలైతే గైడ్‌తోనే వెళ్లండి, చాలా తేడా ఉంటుంది.

2005లో తెరిచిన ఇప్పటి భవనాన్ని మోషే సఫ్దీ రూపొందించాడు. కొండను అడ్డంగా చీల్చుకుంటూ దాదాపు 180 మీటర్ల పొడవున, ముక్కోణం ఆకారంలో కాంక్రీటు కట్టడం. ఈ చివర నిలబడితే ఆ చివరి వెలుతురు కనిపిస్తుంది, కానీ నేరుగా నడవలేం. నేలలో అడ్డంగా కందకాల్లాంటి ఖాళీలు ఉంటాయి. అందుకే ఎడమ గదిలోకీ, కుడి గదిలోకీ తిరుగుతూ వరసగా అన్నీ చూస్తూ సాగాల్సిందే. పిల్లలు ముందుకు పరిగెత్తే వీలే లేదు.

లోపలికి వెళ్లగానే కనిపించేది శవాలు కాదు. పెద్ద గోడ మీద యుద్ధానికి ముందటి యూదుల జీవితం వీడియోగా నడుస్తుంటుంది. వీధులు, ఇళ్లు, కిటికీలోంచి చేతులూపే పిల్లలు. పదహారేళ్ల వయసున్న పిల్లల గుంపు ఒకటి అక్కడే నేల మీద కూర్చుంది. వాళ్ల గైడ్ చాలాసేపు ఏమీ చెప్పలేదు. తర్వాత ఒకే ప్రశ్న అడిగింది: "ఇందులో మీ ఇంటిలాంటిది ఏముంది?" ఒకమ్మాయి పియానో అంది, ఒకబ్బాయి అమ్మమ్మ తలకు కట్టుకునే గుడ్డ అన్నాడు. ఆ యూదులు ఏం పోగొట్టుకున్నారో తెలియాలంటే ముందు వాళ్లకు ఏముండేదో తెలియాలి. నా పాఠంలో ఈ భాగం ఎప్పుడూ లేదు.

ముందుకెళ్తే పోలండ్ రాజధాని వార్సాలో యూదులను నిర్బంధించిన ఘెట్టో వీధి రాళ్లు, ఇంకా ముందుకెళ్తే పేర్ల మందిరం. పది మీటర్ల ఎత్తున్న గోపురం లోపల 600 ఫొటోలు. చుట్టూ అరల్లో చనిపోయిన ఒక్కొక్కరి వివరాలు, బంధువులో తెలిసినవాళ్లో రాసిచ్చిన కాగితాలు. 60 లక్షల మందిలో ఇప్పటికి సుమారు 50 లక్షల పేర్లు సేకరించారు. కొన్ని అరలు కావాలనే ఖాళీగా ఉంచారు.

బయట తోటలో యానుష్ కోర్చాక్ పేరున ఒక చౌక్ ఉంది. వార్సాలో అనాథాశ్రమం నడిపిన వైద్యుడాయన. మేం ఇండియా నుంచి అనగానే గైడ్ మమ్మల్ని ప్రత్యేకంగా అక్కడికి తీసుకెళ్లింది. 1942 జులైలో, ఘెట్టోలో ఆకలితో ఉన్న ఆ పిల్లలతో కోర్చాక్ వేయించిన నాటకం మన రవీంద్రనాథ్ టాగూర్ 'డాక్ ఘర్'. జబ్బుపడి గది దాటలేని అమల్ అనే పిల్లవాడు రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ. మరుసటి నెలలోనే సుమారు 200 మంది పిల్లలతో పాటు కోర్చాక్‌నూ ట్రెబ్లింకా హత్యా శిబిరానికి పంపి చంపేశారు. పిల్లలకు చావంటే భయం పోగొట్టాలనే ఆ నాటకం ఎంచుకున్నాడని చెబుతారు. ఇంత దగ్గరి సంబంధం ఉన్న విషయం మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు. టాగూర్ పాఠం చెప్పే తెలుగు టీచర్లు దీన్ని తప్పకుండా చెప్పాలి.

1987లో తెరిచిన బాలల స్మారకం వేరే కట్టడం. చీకట్లో దీపాలు, అద్దాల్లో వాటి ప్రతిబింబాలు, చనిపోయిన 15 లక్షల మంది పిల్లల్లో ఒక్కొక్కరి పేరు, వయసు, దేశం చదివే గొంతు. చిన్న చోటు, జనం ఎక్కువ. పొద్దున్నే వెళ్లండి.

ఇక నాకు నచ్చని సంగతి. యాద్ వషెమ్ నుంచి మౌంట్ హెర్జెల్‌కు ఒక కాలిబాట ఉంది. అటువైపు యూదులకు దేశం కావాలన్న ఉద్యమాన్ని నడిపిన హెర్జెల్ సమాధి, ప్రధానులు గోల్డా మెయిర్, రబీన్ సమాధులు, సైనికుల శ్మశానం. చాలా బృందాలు పొద్దున మ్యూజియం చూసి, మధ్యాహ్నం ఆ బాట ఎక్కి హెర్జెల్ నల్లరాతి సమాధి దగ్గర ముగిస్తాయి. వినాశనం, వెంటనే దేశం. క్యాలెండరులోనూ అంతే: హోలోకాస్ట్ స్మృతి దినం, వారానికి సైనికుల స్మృతి దినం, మర్నాడే స్వాతంత్ర్య దినం. అక్కడి కుటుంబాలకు ఆ వరుస ఎంత సహజమో నాకు తెలుసు. వాళ్లలో చాలామంది నిజంగానే శిబిరం నుంచి ఓడెక్కి వచ్చి సైన్యంలో చేరారు. అయినా టీచరుగా నాకనిపించింది చెబుతాను. రెండూ ఒకే పూటలో చూపిస్తే పిల్లలకు జవాబు ముందే దొరికిపోతుంది, ఇక ప్రశ్న పుట్టదు. నిజానికి హెర్జెల్ చనిపోయింది 1904లో. దేశం కావాలన్న ఉద్యమం హిట్లర్ కంటే చాలా పాతది. యాద్ వషెమ్ కొండకు లోయ అవతల ఒకప్పుడు డెయిర్ యాసిన్ అనే అరబ్ ఊరుండేది. 1948 ఏప్రిల్ 9న యూదు సాయుధ దళాలు అక్కడ వందమందికి పైగా చంపాయి. దేశం పుట్టినప్పటి యుద్ధంలో సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లు వదలాల్సి వచ్చింది. ఆ బాట మీద ఇవేవీ కనిపించవు. దేశం పుట్టుకకు దాని రోజు దానికి ఇవ్వాలి, అప్పుడు ఇవి కూడా మాట్లాడుకోవచ్చు.

ఇంకో మాట. మ్యూజియం చెప్పే కథ ప్రధానంగా యూరప్‌ది. ఇక్కడి తరగతుల్లో మొరాకో, ఇరాక్, ఇథియోపియా నుంచి, మన కొచ్చిన్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు కూడా ఉంటారు. వాళ్లు దీన్ని తమ కథగా ఎలా తీసుకుంటారని గైడ్‌ని అడిగితే అదే తమకు కష్టమైన పాఠమంది. గుంటూరు వైపు కొత్తరెడ్డిపాలెంలో ఉన్న బెనే ఎఫ్రాయిమ్ అనే, తమను యూదులుగా చెప్పుకునే తెలుగు కుటుంబాల పిల్లలు గుర్తొచ్చారు నాకు.

జెరూసలేంలో బస ఖరీదే. జాఫా రోడ్డు పక్కన ట్రామ్‌కు దగ్గరగా ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది శుభ్రం, వేడినీళ్లకు లోటు లేదు. కానీ శనివారం వంటగది వాడకూడదని, బ్రేక్‌ఫాస్ట్ ఉండదని ముందు చెప్పలేదు. శుక్రవారం సాయంత్రానికి ట్రామ్, బస్సులు, చాలా దుకాణాలు బంద్. మధ్యాహ్నమే రొట్టెలు, హమ్మస్ (శనగల ముద్ద), పళ్లు కొని పెట్టుకోండి. శాకాహారులకు మిగతా రోజుల్లో ఇబ్బందే లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఉత్తరాన, అక్కో, నహారియా మధ్యన ఉన్న లోహామే హగెటావోట్. ఘెట్టో తిరుగుబాట్లలో బతికి బయటపడ్డవాళ్లు స్థాపించిన కిబ్బుట్జ్ (ఉమ్మడిగా బతికే ఊరు). వాళ్లే 1949లో మ్యూజియం పెట్టారు, ప్రపంచంలో మొదటి హోలోకాస్ట్ మ్యూజియం ఇదేనంటారు. 1961లో యూదులను శిబిరాలకు తరలించే పని నడిపిన నాజీ అధికారి ఐష్‌మన్ విచారణలో అతణ్ని కూర్చోబెట్టిన గాజు పెట్టె ఇక్కడే ఉంది. టేబులూ కుర్చీ పట్టేంత గది, అంతే. అంతవరకూ అక్కడి సమాజం తిరుగుబాటు వీరుల గురించి మాట్లాడినంతగా బతికొచ్చిన మామూలు మనుషుల గురించి మాట్లాడలేదు. ఆ విచారణలో వందమందికి పైగా సాక్షులు నోరు విప్పాక పరిస్థితి మారింది. బడుల్లో ఈ పాఠం చట్టప్రకారం తప్పనిసరి అయింది 1980లోనే.

పక్కనే పిల్లల కోసం యాద్ లయెలెద్ మ్యూజియం ఉంది. ఘోరమైన ఫొటోలు ఉండవు. పిల్లల డైరీలు, ఉత్తరాలు, వాళ్ల గొంతుతో కథలు. పిల్లలతో వెళ్లేవాళ్లకు యాద్ వషెమ్ కంటే ఇదే మేలు. యూదు, అరబ్ విద్యార్థులు కలిసి చదువుకునే కార్యక్రమం కూడా ఇక్కడ నడిపారు. బస్సులు తక్కువ, నహారియా స్టేషన్ నుంచి టాక్సీ సుఖం. లెబనాన్ సరిహద్దు దగ్గర కాబట్టి పరిస్థితి చూసుకుని, తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి బయల్దేరండి.

హైఫాకు దక్షిణాన అట్లిట్‌కు యాత్రికులెవరూ పోరు. ఈ ప్రాంతం బ్రిటిష్ పాలనలో ఉన్నప్పుడు, అనుమతి లేకుండా ఓడల్లో వచ్చిన యూదులను బ్రిటిష్‌వాళ్లు నిర్బంధించిన శిబిరం అది. 1939లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రం (విధాన ప్రకటన) అయిదేళ్లకు 75,000 మందికే అనుమతినిచ్చింది మరి. నాజీ శిబిరాల నుంచి బతికొచ్చినవాళ్లను ఇక్కడ మళ్లీ ముళ్లకంచె వెనక పెట్టి, మగవాళ్లను ఒకవైపు, ఆడవాళ్లను ఒకవైపు బట్టలు విప్పించి క్రిమిసంహారక మందు కొట్టారు. ఆ షెడ్డు అలాగే ఉంది. దేశం ఎందుకు కావాలనుకున్నారో మౌంట్ హెర్జెల్ కంటే ఈ షెడ్డే బాగా చెబుతుంది. గైడ్‌తోనే చూడాలి, ముందే బుక్ చేసుకోవాలి.

టెల్ అవీవ్‌లో నిజామాబాద్ వైపు నుంచి వచ్చి కేర్‌గివర్‌గా పనిచేస్తున్న ఒకావిడ సెలవురోజున కలిసింది. వృద్ధులను చూసుకునే పనిలో తెలంగాణవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. ఆవిడ చూసుకునే ముసలమ్మ రొమేనియా నుంచి బతికొచ్చిన మనిషి. హోలోకాస్ట్ స్మృతి దినాన పొద్దున పదింటికి దేశమంతా సైరన్ మోగుతుంది కదా. "సైరన్ మోగంగనే అమ్మమ్మ లేవాలంటది మేడమ్. కాళ్లు ఆగవు. చంకల కింద చేతులు పెట్టి లేపి, రెండు నిమిషాలు గట్టిగ పట్టుకుంట" అంది.

1948 మే 14న తొలి ప్రధాని బెన్‌గురియన్ స్వాతంత్ర్య ప్రకటన చదివిన ఇల్లు రాత్‌షీల్డ్ బులెవార్డ్‌లో ఉంది. మరమ్మతుల కోసం మూసి ఉండటంతో మేం బయటినుంచే చూశాం. ప్రకటన ప్రతిని ముందే చదువుకుని వెళ్లండి. యూరప్‌లో జరిగిన సంహారం ప్రస్తావనా అందులో ఉంది, మతం, జాతి, స్త్రీపురుష భేదం లేకుండా పౌరులందరికీ సమాన హక్కులన్న మాటా ఉంది.

వెళ్లే టీచర్లెవరైనా ఉంటే ఈ వరుసలో పెట్టుకోండి: ముందు లోహామే హగెటావోట్, తర్వాత అట్లిట్, టెల్ అవీవ్, చివరికి జెరూసలేం. యాద్ వషెమ్‌కు ఒక పూర్తి రోజు, మౌంట్ హెర్జెల్‌కు వేరే రోజు. వీసా, బుకింగులు ముందే చూసుకుని, ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేట్టయితే స్మృతి దినాల తేదీలు కనుక్కోండి. అప్పుడు గైడ్లు దొరకరు.