బరంపురంలో ప్రపోజల్ టైప్ చేయించే షాపు: నా అనుభవం

రీసెర్చ్ గ్రాంటు కోసం పంపిన నా మొదటి ప్రపోజల్ వెనక్కొచ్చినప్పుడు రివ్యూయర్ మాట నాకిప్పటికీ గుర్తుంది: ఆబ్జెక్టివ్స్‌కీ బడ్జెట్‌కీ పొంతన లేదని. దాన్ని తయారు చేసి ఇచ్చినందుకు ఒక కన్సల్టెన్సీకి 8,000 రూపాయలు కట్టాను. వాళ్ల దగ్గరున్న ఏదో పాత ఫైల్లో నా టాపిక్ పెట్టి పంపారని తరవాత అర్థమై చాలా బాధేసింది. రెండోసారి మాత్రం బరంపురం పాత బస్టాండుకి దగ్గర్లో, మెట్ల కింద గదిలో ఉన్న డీటీపీ షాపుకి వెళ్లాను.

నేను గంజాం జిల్లాలో డిగ్రీ పిల్లలకి బాటనీ చెబుతాను. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, ప్రపోజల్ ఇంగ్లీషులో. నా పని మొగలి మీద. ఛత్రపురం, చికిటి వైపు పొలం గట్ల మీద పెరిగే ఈ పొదల మీద ఎన్నో ఇళ్లు బతుకుతున్నాయి. మగ చెట్టు పువ్వులే కోసి, డేగులనే రాగి బట్టీ పాత్రల్లో వేసి కాచి అత్తరు తీస్తారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా మావయ్యగారి గట్టు మీది పొదలు వేళ్లతో సహా లేచిపోయాయి. తరవాత నాటిన పిలకల పువ్వులో నూనె అంతే వస్తోందా, అదే వాసన ఉందా అన్నది నా ప్రశ్న.

షాపు నడిపే బాబాయ్‌గారికి అరవై దాటి ఉంటాయి. టైపు మిషన్ రోజుల నుంచీ థీసిస్‌లు కొట్టిన చెయ్యి. కూర్చోగానే "ఏ కాల్‌కమ్మా? ఏ ఏడాది గైడ్‌లైన్స్?" అని అడిగారు. కాల్ అంటే ప్రపోజల్స్ పంపమని ఇచ్చే ప్రకటన. నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నది సెర్బ్ నాటి ఫార్మాట్, అంటే రీసెర్చ్‌కి గ్రాంట్లిచ్చిన పాత కేంద్ర బోర్డుది. 2023 చట్టంతో ఏఎన్ఆర్ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్) వచ్చి, సెర్బ్ అందులో కలిసిపోయింది. పాత ఫైలు మీద కొత్తది కొట్టొద్దని, కాల్ పీడీఎఫ్ ప్రింట్ తీసి, పేజీల లిమిట్ దగ్గరా అప్‌లోడ్ సైజు దగ్గరా ఎర్ర పెన్నుతో గీతలు పెట్టారు.

అసలు మేలు బడ్జెట్ దగ్గర జరిగింది. ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు నా మూడు ఆబ్జెక్టివ్స్ రాసి, ఎదురుగా మనిషి, మందులు, ప్రయాణం, టెస్టులు అని గళ్లు గీశారు. మొదటిదాని ఎదుట ఫీల్డ్ అసిస్టెంట్ జీతం, బస్సు ఖర్చులు పడ్డాయి. రెండోదాని ఎదుట నూనెలో ఏమేం పదార్థాలున్నాయో చెప్పే జీసీ-ఎంఎస్ టెస్టులు. మా కాలేజీలో ఆ మిషన్ లేదు, బయటి ల్యాబ్ నుంచి కొటేషన్ తెమ్మన్నారు. మూడోది, పువ్వు కోసేవాళ్లకి ట్రైనింగ్. దాని ఎదుట గళ్లన్నీ ఖాళీ. "దీనికి డబ్బేదమ్మా? డబ్బు లేకపోతే ఈ పని తీసెయ్యండి, పని ఉండాలంటే డబ్బు అడగండి" అన్నారు. కన్సల్టెన్సీ వాళ్లు ఇంత చిన్న విషయం చూడలేదు. కంగారులో నేనూ చూసుకోలేదు.

తరవాత టైమ్‌టేబుల్. పువ్వుల సేకరణ మొదటి మూడు నెలల్లో అని ఉంది. ఆయనది చికిటి దగ్గర పల్లె. "మొగలి ఎక్కువగా పూసేది వానల్లో కదా, శాంక్షన్ జనవరిలో వస్తే మార్చిదాకా ఏం కోస్తారు?" అన్నారు. ఆ సాయంత్రం మొత్తం ప్లాన్‌ని పూత కాలాల ప్రకారం తిరగరాశాను. పూత లేని నెలల్లో సర్వే పెట్టాను, వానల్లో శాంపిల్స్ పెట్టాను.

ఒకటి మాత్రం చెప్పాలి. సైన్సు ఆయన చూడరు, చూస్తానని అననూ అనరు. మెథడాలజీ, ఎన్ని చెట్ల నుంచి శాంపిల్ తీయాలన్న లెక్క నా గైడ్‌కి చూపించి సరిచేసుకున్నాను. ఇంకో ఇబ్బంది ఫాంట్. జత చేయాల్సిన ఒడియా లేఖని ఆకృతి అనే పాత, యూనికోడ్ కాని ఫాంట్‌లో కొట్టారు, యూనికోడ్‌కి మారిస్తే అక్షరాలు చెదిరిపోయాయి. మళ్లీ కొట్టడానికి ఒక పూట పోయింది, దానికి డబ్బు తీసుకోలేదు. కూర్చోడానికి ఒకే కుర్చీ. థీసిస్‌ల సీజన్‌లో వెళ్తే నిలబడాల్సిందే.

నాలుగు సాయంత్రాలకి బిల్లు 1,140 రూపాయలు. ప్రింట్లు, స్కానింగ్, ఎక్సెల్ షీట్ అన్నీ అందులోనే. పోయిన నెల శాంక్షన్ లెటర్ వచ్చింది. అడిగినదాంట్లో ప్రయాణ ఖర్చు కొంత కోశారు, ట్రైనింగ్ డబ్బు మాత్రం పూర్తిగా ఇచ్చారు. ఆ లెటర్ చూపిస్తే బాబాయ్‌గారు కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

వెళ్లేవాళ్లు కనీసం పది రోజుల ముందు వెళ్లండి. ఆదివారం ఉండరు. ప్రిన్సిపాల్ సంతకం, సీలు ఉన్న ఎండార్స్‌మెంట్ లెటర్ ముందే పట్టుకెళ్లండి, అది లేకుండా ఆయన పోర్టల్ తెరవనే తెరవరు.