మడమా, మునివేళ్లా? మా మేనల్లుడితో ఏడాదిగా సాగుతున్న వాదన

గోపాల్‌పూర్ బీచ్‌లో లైట్‌హౌస్ వైపు పరిగెత్తుతుంటే వెనక నుంచి మా మేనల్లుడి గొంతు. "ఏటి మావా, మడమలతో భూమిని దంచేస్తన్నావ్? వేళ్ల మీద దిగాల!"

వాడిది ఇచ్ఛాపురం. ఆర్మీ ర్యాలీకి తయారవుతున్నాడు, 1.6 కిలోమీటర్ల పరుగు గురించి తప్ప వేరే మాట లేదు. సెలవొస్తే బరంపురంలో మా ఇంట్లో దిగుతాడు. నాకు నలభై మూడేళ్లు, బట్టల కొట్టు. రోజంతా పరుపు మీద కాళ్లు మడుచుకుని కూర్చుని చీరలు విప్పి చూపించే పని. షుగర్ బోర్డర్‌లో ఉందని తెలిశాక పరుగు మొదలుపెట్టాను. మూడో నెలకే కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు, మెట్లు దిగేటప్పుడు ప్రాణం మీదకొచ్చేది.

వాడి మాట విని నెల రోజులు వేళ్ల మీద పరిగెత్తాను. మోకాలు తేలికపడిన మాట నిజం. ఐదో వారం ఒక పొద్దున మంచం దిగి అడుగు వేయబోతే మడమ వెనక నరం పట్టేసింది, గోడ పట్టుకుని నిలబడ్డాను. నొప్పి పోలేదు, ఇల్లు మారిందంతే.

అప్పటి నుంచి ఏది మేలు అన్న గొడవ మా ఇద్దరి మధ్య నడుస్తూనే ఉంది. ఏడాదిలో చదివింది, చూసింది, నా కాళ్ల మీద అనుభవించింది కలిపి నాకు తేలిన సంగతులు ఇవి.

మడమ మీద దిగడమా, మునిపాదం మీదా?

నడకలో ఏదో ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. పరుగులో రెండూ గాల్లో ఉండే క్షణం ఉంటుంది. అంటే పరుగంటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు గెంతుల వరస. దిగిన ప్రతిసారీ నేల మన బరువుకు రెండు నుంచి మూడు రెట్ల బలంతో తిరిగి తోస్తుంది. నాలాంటి డెబ్భై కిలోల మనిషికి అది 140 నుంచి 210 కిలోల మోత, అదీ ఒక్క కాలి మీద. ఆ మోతని ఒంట్లో ఎవరో ఒకరు మోయాలి కదా. ఎవరు మోయాలన్నదే మడమ, మునిపాదం గొడవ.

మడమ ముందు తగిలితే నేల దెబ్బ ఒక్కసారిగా పైకొస్తుంది. పని ఎక్కువగా మోకాలు, తొడ ముందు కండలు చేస్తాయి. మునిపాదం ముందు తగిలితే ఆ మొదటి దెబ్బ దాదాపు కనబడదు, చీలమండ స్ప్రింగులా వంగి మింగేస్తుంది. కానీ స్ప్రింగు ఊరికే పనిచేయదు. పిక్క, దాన్ని మడమకు కట్టి ఉంచే అకిలీస్ టెండన్ (నేను మడమ నరం అంటున్నది దీన్నే) ఆ పని చేయాలి. పరుగులో ఆ టెండన్ మీద పడే లాగుడు ఒంటి బరువుకు ఆరేడు రెట్లు ఉంటుందని అంచనా. ఇరవయ్యేళ్లు పరుపు మీద కూర్చున్న పిక్కకు నెల రోజుల్లో ఆ పని అప్పజెప్పాను. అది తిరగబడడంలో ఆశ్చర్యం ఏముంది?

మా వాడు ఫోన్లో చూసినవన్నీ చివరికి 2010లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దగ్గరకే చేరతాయి. హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం చేసింది. చిన్నప్పటి నుంచి బూట్లు లేకుండా పరిగెత్తినవాళ్లు ఎక్కువగా మునిపాదం మీద దిగుతారని, అప్పుడు ఆ మొదటి దెబ్బ తక్కువని చూపించింది. అది సరైనదే. కానీ 2013లో ఉత్తర కెన్యాలో దాసనాచ్ జనాన్ని పరిశీలించారు, వాళ్లూ ఉట్టికాళ్ల మీదే పెరిగినవాళ్లు. తమకు నచ్చిన మామూలు వేగంతో పరిగెత్తేటప్పుడు వాళ్లలో ఎక్కువమంది మడమ మీదే దిగారు. వేగం పెంచినప్పుడు కొందరు ముందుకు మారారు.

వాళ్లు వేగం పోటీల మనుషులు కారు కదా అంటాడు మావాడు. సరే, జపాన్‌కు పోదాం. సప్పోరో హాఫ్ మారథాన్‌లో 15వ కిలోమీటరు దగ్గర కెమెరా పెట్టి తీసిన వీడియో పరిశీలన 2007లో అచ్చయింది. మేటి రన్నర్లలో నూటికి సుమారు 75 మంది మడమ మీద దిగినవాళ్లే. ముందు వరసలో ఉన్నవాళ్లలో పాదం మధ్యతో దిగేవాళ్లు కాస్త ఎక్కువ కనబడ్డారు, అదీ నిజమే. అయినా మడమ తగిలితే పరుగే రాదన్న మాట అక్కడ నిలబడదు.

నా తీర్పు: నొప్పి లేకుండా పరిగెత్తుతున్నవాడు తన పాదాన్ని ముట్టుకోకూడదు. మోకాలు పదే పదే మొరాయిస్తుంటే పాదం మధ్య వైపు కొద్దిగా జరగొచ్చు, అదీ నెలల తరబడి మెల్లగా. పిక్క, మడమ నరం ఇంతకుముందే ఇబ్బంది పెట్టినవాళ్లు వేళ్ల జోలికి అసలు పోవద్దు. నాకైతే రెండూ చెడ్డాయి కాబట్టి మూడో దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

పెద్ద అంగా, చిన్న అడుగా?

ఆ దారి ఫోన్ వీడియోలో దొరికింది. మావాడి చేత పక్క నుంచి స్లోమోషన్‌లో తీయించాను. నన్ను నేను చూసుకుని సిగ్గుపడ్డాను. కాలు ముందుకు బార చాచి, మోకాలు దాదాపు నిటారుగా పెట్టి, పాదాన్ని ఒంటికి అల్లంత దూరంలో దించుతున్నాను. ప్రతి అడుగూ ఒక బ్రేకు. బ్రేకు వేస్తూ యాక్సిలరేటర్ తొక్కేవాడి పరుగు అది. నొప్పి పుట్టించింది మడమ కాదు, మడమ దిగిన చోటు. అదే మడమ మోకాలి కిందకు వచ్చి దిగితే, మోకాలు కొద్దిగా వంగి ఉంటే, కథ వేరు.

చోటు మార్చడానికి పాదం గురించి ఆలోచించక్కర్లేదు. అడుగులు కొంచెం వడిగా వేస్తే చాలు, అంగ దానంతటదే చిన్నదవుతుంది. ఎన్ని అడుగులో తెలుసుకోవడానికి వాచీ కూడా అక్కర్లేదు. ముప్పై సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు దిగిందో లెక్కబెట్టి నాలుగుతో గుణించాలి. నాకు నలభై వచ్చింది, అంటే నిమిషానికి 160.

విస్కాన్సిన్ యూనివర్సిటీలో బ్రయన్ హైడర్‌షైట్ బృందం 2011లో ఇదే పరీక్షించింది. వేగం మార్చకుండా అడుగుల సంఖ్య ఒక్క 5 శాతం పెంచితే మోకాలు మింగాల్సిన శక్తి సుమారు 20 శాతం తగ్గింది. 10 శాతం పెంచినప్పుడు తుంటి మీద భారం కూడా తేలికైంది.

ఇక్కడ మావాడు అడ్డం పడ్డాడు. "అడుగులు పెరిగితే దెబ్బలూ పెరుగుతాయి గదా?" కొట్లో కూర్చుని కాగితం మీద లెక్క వేసి చూపించాను. కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో పరిగెత్తేవాడు నిమిషానికి 160 అడుగులు వేస్తే కిలోమీటరుకు 1,040 అడుగులు. 170 అయితే 1,105. పెరిగింది అరవై అయిదు. అంగ తగ్గింది ఆరు సెంటీమీటర్ల లోపే. అడుగులు ఆరు శాతం పెరిగినా, అడుగు అడుగుకూ మోకాలి పని అంతకు మించి తగ్గుతుంది. బేరం మనకే లాభం. వ్యాపారం చేసేవాణ్ణి, ఇది అర్థం కాకపోతే ఎలా?

మా తాత గుంటమగ్గం మీద, పోగును అటూ ఇటూ మోసే నాడె ఆడించే తీరు గుర్తొచ్చింది. చేయి చిన్నగా కదిలేది, చప్పుడు మాత్రం వడిగా, ఒకే లయలో. పక్కింటాయన చేయి చాచి గట్టిగా విసిరేవాడు, మాటిమాటికీ పోగులు తెంపుకునేవాడు. ఈ పోలిక మావాడికి ఎక్కలేదు. వాడు మగ్గం చూసింది ఎక్కడ!

ఒక జాగ్రత్త. 180 అన్న అంకె పట్టుకుని వేలాడేవాళ్లు చాలామంది. కోచ్ జాక్ డేనియల్స్ 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో లెక్కబెట్టి, దాదాపు అందరూ 180, అంతకుమించి వేస్తున్నారని గమనించాడు. వాళ్లు పరిగెత్తింది ఒలింపిక్ వేగంతో. పొడుగు మనిషి, మెల్లగా పరిగెత్తే మనిషి 165 దగ్గర సుఖంగా ఉండొచ్చు. మన అంకెకి ఐదు శాతం, మహా అయితే పది. అంతకు మించితే ఆయాసం తప్ప ఒరిగేది లేదు.

ఈ పోటీలో నాకు సందేహం లేదు. చిన్న, వడి అడుగే మేలు. మూడు నెలల్లో 168కి వచ్చాను, మెట్లు దిగడం మళ్లీ మామూలైంది. మడమ ఇప్పటికీ ముందే తగులుతుంది. తగలనీ.

ఇసుకా, తారా, మట్టా?

బరంపురం నుంచి గోపాల్‌పూర్ పదహారు కిలోమీటర్లు. ఆదివారం తెల్లవారుజామున బండి మీద పోతే సముద్రం మనదే. ఇసుక మెత్తన కాబట్టి మోకాళ్లకు మంచిదని ఊరంతా నమ్మకం, నేనూ నమ్మాను. అక్కడ ఒక ఒడియా పెద్దాయన రోజూ నడుస్తూ నన్ను చూసి "ఆస్తే, ఆస్తే" అనేవాడు. నిదానం బాబూ అని. నా ఆయాసం చూసి అంటున్నాడనుకునేవాణ్ణి.

పొడి ఇసుక దెబ్బను తగ్గిస్తుంది నిజమే, తోసినప్పుడు తిరిగి ఇవ్వదు కూడా. బెల్జియం పరిశోధకులు 1998లో కొలిచారు. గట్టి నేలతో పోలిస్తే ఇసుక మీద పరుగుకు 1.6 రెట్లు శక్తి కావాలి. మడమ కిందకు దిగబడిపోతుంది కాబట్టి ప్రతి అడుగుకూ పిక్క, అకిలీస్ ఇంకా సాగాలి. నా నరం పట్టేయడానికి మునివేళ్ల పరుగు ఎంత కారణమో, దాన్ని పొడి ఇసుకలో చేయడం అంతే కారణమని ఇప్పుడు అనుకుంటున్నాను.

అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక బాగుంటుంది, కానీ అది సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒకే దిక్కుకు పోతే ఒక కాలు పల్లంలో, ఒకటి మెరకలో. తుంటి ఒక పక్కకు వంగి, మోకాలి బయటి వైపు మంట మొదలవుతుంది. సముద్రం పోటు తగ్గినప్పుడు చదునైన మేర దొరుకుతుంది, అప్పుడు పోవాలి. ఎంత దూరం పోతే అంత దూరం వెనక్కి రావాలి, ఆటోలో కాదు, పరుగులోనే.

తారు రోడ్డుకూ ఇదే తెగులు. వాన నీరు పోవడానికి నడిమి ఎత్తు, అంచులు పల్లం. ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కనే పరిగెత్తడం మంచిదే, కానీ ఏళ్ల తరబడి ఒకే వాలు మీద పడతాం. తారు గట్టిదని భయపడక్కర్లేదు. నేల గట్టిగా ఉంటే కాలు తనంతట తానే కాస్త మెత్తగా దిగుతుంది, మెత్తగా ఉంటే బిగుసుకుంటుంది, శరీరం ఆ సర్దుబాటు చేసుకుంటుంది. గోతులు లేని మట్టి గ్రౌండ్ దొరికితే అదే నా మొదటి ఓటు. రౌండ్లు మాత్రం రోజు మార్చి రోజు ఎదురు దిక్కుగా తిరగాలి. ఎప్పుడూ ఒకే వైపు మలుపు తిరిగితే లోపలి కాలికి వేరే పని పడుతుంది. పొడి ఇసుకను పది నిమిషాల వ్యాయామంగా ఉంచుకున్నాను, ఆదివారం సరదాగా.

బూట్లా, ఉట్టికాళ్లా?

దీనికి ఒకే మనిషి రెండు జవాబులిచ్చాడు. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను ఉట్టికాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. 1964 టోక్యోలో బూట్లేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్లీ గెలిచాడు. ఉట్టికాళ్ల వాళ్లు రోమ్ ఫొటో పెట్టుకుంటారు, టోక్యో ఫొటో పెట్టరు. ఆ మూడు నిమిషాలు బూట్ల వల్లేనని నేననను. కాళ్లు బాగా పనిచేసేవాడికి రెండూ నడిచాయి.

బూట్ల దగ్గర నేను మోసపోయింది వేరే చోట. ఒక షాపులో తడి కాలి అచ్చు చూసి "మీది చదును పాదం సార్, ఈ మోడలే వేయాలి" అని ఆరు వేలది అంటగట్టారు. ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. అమెరికాలో సైన్యం, వాయుసేన, మెరైన్ల శిక్షణలో ఇదే పరీక్షించారు. అరికాలి వంపు చూసి బూట్లు ఇచ్చినవాళ్లకూ, అందరికీ ఒకే రకం ఇచ్చినవాళ్లకూ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వేసుకుని పది అడుగులు పరిగెత్తితే సుఖంగా ఉందా లేదా, అదొక్కటే ఇప్పుడు నేను చూసేది. వేళ్ల ముందు బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి, సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. గాజుపెంకులు, మేకులు, ఇంకా చెప్పకూడనివి ఉండే మన రోడ్ల మీద ఉట్టికాళ్ల మాటే వద్దు.

మావాడికి కూడా ఈమధ్య కాలి ముందరి ఎముక లోపలి అంచున నొప్పి. గ్రౌండ్‌లో కుర్రాళ్లు షిన్ పెయిన్ అంటారు, సగం మందికి ఉంటుంది. ర్యాలీ తేదీ టెన్షన్‌తో రెండు వారాల్లో దూరం రెట్టింపు చేశాడు, కారణం అదే. ఎముక కూడా కండలాగే బలపడుతుంది, కాకపోతే ఇంకా మెల్లగా. నొప్పి ఎముక పొడవునా పరుచుకోకుండా ఒక్క చోట వేలు పెడితే గుచ్చినట్టుంటే, రాత్రిళ్లు కూడా సలుపుతుంటే, ఎముక చిట్లిందేమో డాక్టరు చేత చూపించుకోవాలి. వాడిది అంతదాకా పోలేదు. దూరం సగానికి తగ్గించాడు, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించే వ్యాయామం రోజూ మూడు విడతలు చేస్తున్నాడు. నా నరానికీ అదే మందు, ఇద్దరం వరండా మెట్టు మీద పక్కపక్కనే చేస్తాం. మా ఆవిడ చూసి నవ్వుతుంది.

వాడిప్పుడు మొదటి మూడు రౌండ్లు చిన్న అడుగులతో, పాదం ఎలా దిగితే అలా దిగనిచ్చి పరిగెత్తుతున్నాడు. ఆఖరి రెండు వందల మీటర్లు మాత్రం మునివేళ్ల మీదే దూసుకుపోతాడు. ఆ వేగంలో ఎవరికైనా అలాగే వస్తుంది కాబట్టి అక్కడ నేనేమీ అనను.