చిన్న పాదాలకు స్కీ బూట్లు: కొన్ని సీజన్లు వాడిన తర్వాత నా సమీక్ష

నా కుడి పాదం పొడవు 21.9 సెంటీమీటర్లు, ఎడమది 22.1. చెప్పుల షాపు లెక్కలో మూడో నంబరు. నల్గొండలో నేను తిరిగిన షాపుల్లో లేడీస్ షూస్ నాలుగో నంబరు నుంచి మొదలవుతాయి, కాబట్టి స్పోర్ట్స్ షూస్ కావాలంటే స్కూలు పిల్లల వరసలో వెతుక్కోవడం నాకు ఎప్పటి నుంచో అలవాటు. మామూలు షూస్‌కు అలా గడిచిపోతుంది. స్కీ బూట్లకు గడవదు. ఒకే జతను కొన్ని సీజన్లుగా కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో, మనాలి దగ్గరి సోలాంగ్‌లో వాడుతున్నాను. ఇప్పుడు వాటి గురించి నమ్మకంగా రాయగలను.

నేను పీఈటీని. భువనగిరి కొండ మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకుని, ఆ తర్వాత మంచు మీదికి వెళ్ళాను. మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె శిక్షణ తీసుకున్న ఆ బండ మీద ఇప్పుడు తాడు పట్టుకుంటున్న పిల్లల్లో కొందరు స్కీయింగ్ కోర్సుల గురించి నన్ను అడుగుతున్నారు. వాళ్ళలో చాలామందివి నాలాంటి పొట్టి పాదాలే. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం రాస్తున్నాను.

నా బూట్ల కంపెనీ పేరు రాయడం లేదు. మోడల్ పేర్లు తరచూ మారిపోతాయి, పైగా నా కాలికి కుదిరిన జత మీ కాలికి కుదరాలని లేదు. కొలతలు చెప్తాను, అవి పనికొస్తాయి. సైజు 22.5, లాస్ట్ వెడల్పు (అంటే వేళ్ళ మొదళ్ళ దగ్గర బూటు లోపలి వెడల్పు) 98 మిల్లీమీటర్లు, ఫ్లెక్స్ (ముందుకు వంగేటప్పుడు బూటు ఎంత గట్టిగా ఉంటుందో చెప్పే అంకె) 80, నాలుగు బకిల్స్, ఆడవాళ్ళ మోడల్.

సొంత బూట్లు ఎందుకు కొనాల్సి వచ్చిందంటే, అద్దెకిచ్చే చోట నా సైజు దొరకలేదు. మొదట్లో నాకు ఇచ్చినవన్నీ 24, 25 సైజులే. "రెండు జతల సాక్సులు వేసుకోండి మేడమ్, సరిపోతుంది" అనేవాళ్ళు. సరిపోదు. స్కీని తిప్పేది మన మోకాలి కింది ఎముక. అది బూటు నాలుకను ముందుకు నొక్కితే స్కీ ముందు భాగం మంచును పట్టుకుంటుంది. పాదాన్ని పక్కకు వంచితే అంచు దిగుతుంది. షెల్ లోపల, అంటే బూటు బయటి గట్టి ప్లాస్టిక్ డొప్పలో, పాదం జారుతుంటే మనం తిప్పినా స్కీ వెంటనే తిరగదు. స్టీరింగ్‌లో ప్లే ఎక్కువైన పాత ట్రాక్టర్ నడిపినవాళ్ళకు ఇది బాగా తెలుస్తుంది. ప్రతి మలుపులో మడమ పైకి లేస్తుంది. లేవకుండా ఉండాలని బకిల్స్ బిగిస్తే పాదం పైభాగంలో రక్తం ఆడదు, వేళ్ళు తిమ్మిరెక్కి చల్లబడిపోతాయి. దిగుతున్నప్పుడు పాదం ముందుకు జారి గోళ్ళు షెల్‌కు కొట్టుకుంటాయి. నా బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. లూజు బూటే ఎక్కువ నొప్పి పెడుతుందన్న సంగతి కొత్తవాళ్ళు ఒక పట్టాన నమ్మరు.

సైజు లెక్క తేలికే. స్కీ బూట్లకు మాండోపాయింట్ అనే కొలత వాడతారు. అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో ఎంతుంటే అదే సైజు. గోడకు మడమ ఆనించి, కాగితం మీద ఆ కాలిపై బరువంతా మోపి నిలబడి, పొడుగాటి వేలి చివర గీత గీయాలి. కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది. ఉదయం కంటే సాయంత్రం కొలవడం మంచిది, తిరిగిన కాలు కొంచెం ఉబ్బుతుంది. ఒక్క విషయం తెలియక చాలామంది అర సైజుల దగ్గర తికమక పడతారు. సాధారణంగా 22, 22.5 రెండింటికీ ప్లాస్టిక్ షెల్ ఒకటే ఉంటుంది. తేడా లోపలి అట్ట మందంలోనో, లైనర్ అనే లోపలి మెత్తటి బూటులోనో ఉంటుంది. కాబట్టి "22.5 బిగుతుగా ఉంది, 23 చూపించండి" అంటే మీరు అడుగుతున్నది అర సైజు కాదు, ఒక పూర్తి షెల్ పెద్దది.

నేను కొన్నది డెన్వర్‌లో, మా పెద్దమ్మ కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు. షాపులో బూట్లు సరిచూసే ఆయన ముందు లైనర్ మొత్తం బయటికి లాగేశాడు. సాక్సు తీసేయమని, వట్టి షెల్‌లో కాలు పెట్టమన్నాడు. వేళ్ళు ముందు గోడకు అలా తాకీ తాకనట్టు ఉంచి, వెనక మడమకూ షెల్‌కూ మధ్య టార్చి వేసి చూశాడు. ఆ సందు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటే కొత్తవాళ్ళకు సరైన సైజు. రెండున్నర దాటితే ఆ బూటు పక్కన పెట్టేయాలి. అద్దె బూట్లలో నా మడమ వెనక మూడు వేళ్ళు పట్టేవి, కాబట్టి నాకు జరిగిందంతా అక్కడే అర్థమైపోయింది. తర్వాత లైనర్ పెట్టి బకిల్స్ వేశాక నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగిలాయి. చిన్నదేమో అని టెన్షన్ పడ్డాను. మోకాళ్ళు ముందుకు వంచమన్నాడు. వంచగానే మడమ వెనక్కి కూర్చుంది, వేళ్ళు వెనక్కి వచ్చాయి. స్కీ చేసేటప్పుడు మనం ఉండేది ఆ వంగిన భంగిమలోనే కాబట్టి బూటును అలాగే చూడాలి. ఒకటే పల్చటి ఉన్ని సాక్సుతో అరగంట సేపు షాపులోనే తిరిగాను.

పొడవు కంటే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది వెడల్పు. చిన్నప్పటి నుంచి వట్టి కాళ్ళతో, చెప్పులతో తిరిగిన పాదం నాది. వేళ్ళ దగ్గర విచ్చుకుని ఉంటుంది, మడమ సన్నం. నేను చూసినంతవరకు మన దగ్గర చాలామంది ఆడపిల్లల పాదాలు ఇలాగే ఉంటాయి. కంపెనీలు ఒకే బూటును రెండు మూడు వెడల్పుల్లో చేస్తాయి. అటామిక్ వాళ్ళ హాక్స్ వరసలో అల్ట్రా 98, ప్రైమ్ 100, మాగ్నా 102 మిల్లీమీటర్లు. లాంజ్ వాళ్ళ ఆర్ఎక్స్‌లో 97, 100 ఉన్నాయి. అయితే ఈ అంకెలు సాధారణంగా 26.5 లాంటి పెద్ద సైజు మీద చెప్పేవి. సైజు తగ్గేకొద్దీ వెడల్పూ తగ్గుతుంది. పేరుకు 98 అయినా 22.5లో అసలు వెడల్పు 90కి అటూ ఇటూ ఉంటుంది. ఇది తెలియక "నా పాదం 92 మిల్లీమీటర్లే, 98 అంటే బోలెడు చోటు" అనుకుంటే కష్టం.

అలాగని వెడల్పాటి 102 తీసుకుంటే వేళ్ళకు హాయిగానే ఉంటుంది, మడమ మాత్రం వదులైపోతుంది. ఇక్కడ నా అభిప్రాయం గట్టిది. మడమకు సరిపోయే బూటే తీసుకోండి, ముందు భాగాన్ని సాగదీయించుకోండి. ప్లాస్టిక్‌ను వేడి చేసి ఒక్కచోట బయటికి నొక్కవచ్చు, దాన్ని పంచ్ చేయడం అంటారు. నాకు చిటికెన వేలి దగ్గర రెండు కాళ్ళకూ చేశారు. ఇన్ని సీజన్ల తర్వాత కూడా ఆ చోటు చెక్కుచెదరలేదు. వదులుగా ఉన్న షెల్‌ను బిగువు చేయడం మాత్రం ఎవరివల్లా కాదు, మెత్తలు పెట్టి సర్దుకోవాల్సిందే.

పిల్లల బూట్లు తీసుకుంటే చవకగా అయిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. నాకూ చూపించారు, నేను తీసుకోలేదు. వాటి ప్లాస్టిక్ మెత్తన, లైనర్ పల్చన. పెద్దవాళ్ళ బరువుకు ముందుకు వంగినప్పుడు పట్టు ఉండదు. అంతకంటే ముఖ్యమైనది సోల్. పెద్దల ఆల్పైన్ బూట్ల సోల్ ముందు భాగం 69 మిల్లీమీటర్ల వెడల్పు, పిల్లల సోల్ 62. బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలేసే బిగింపును బైండింగ్ అంటారు. పిల్లల సోల్‌ను పెద్దల బైండింగ్‌లో పెడితే పడినప్పుడు సరిగ్గా విడిపోతుందన్న నమ్మకం లేదు. మోకాలు పోతుంది. పెద్దల సోల్‌తో వచ్చే జూనియర్ బూట్లు కూడా ఉన్నాయి. నలభై కిలోలలోపు ఉన్న పదమూడేళ్ళ పిల్లకు అవి నడుస్తాయి. నాకు నడవవు.

ఆడవాళ్ళ మోడల్ అంటే రంగు మార్చి అమ్మడమే అనుకునేదాన్ని. తేడా పిక్క దగ్గర తెలిసింది. ఆడవాళ్ళకు పిక్క కండ కొంచెం కిందికి ఉంటుంది, పైగా మనం పొట్టివాళ్ళమైతే బూటు పై అంచు సరిగ్గా పిక్క లావుగా ఉన్నచోటుకే వస్తుంది. ఆడవాళ్ళ బూట్లలో ఆ అంచు కిందికి ఉండి, వెనక వైపు కాస్త విచ్చుకుని ఉంటుంది. నా బూట్లలో పిక్క వెనక ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్కను కూడా తీసేశాను. పై బకిల్ పళ్ళ పట్టీని ఎలన్ కీతో విప్పి ఒక రంధ్రం జరిపాను. ఈ రెంటితో పిక్కలు పట్టేయడం పోయింది. ఫ్లెక్స్ అంకె గురించి ఎక్కువ ఆలోచించకండి, ఒక కంపెనీ 80 మరో కంపెనీ 80తో సమానం కాదు. చలిలో ప్లాస్టిక్ ఇంకా బిగుస్తుంది కాబట్టి షాపులో కొంచెం మెత్తగా అనిపించినా ఫర్వాలేదు.

కొన్న తర్వాత జరిగింది ఇంకొకటి ఉంది. వాడేకొద్దీ లైనర్ లోపలి ఫోమ్ అణిగిపోతుంది. కొత్తలో గట్టిగా పట్టిన నా మడమ రెండో సీజన్ చివరికి మళ్ళీ కదలడం మొదలుపెట్టింది. అమెరికా షాపు ఇక్కడ లేదు. లైనర్లు పట్టుకుని నల్గొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర చెప్పులు కుట్టే కాకా దగ్గరికి వెళ్ళాను. "ఏంది బిడ్డా ఇది, బూటు లోపటి బూటా?" అన్నాడు. మడమ ఎక్కడ లేస్తున్నదో చెప్పాను. ఆయన లైనర్ నా కాలికి తొడిగించి, చీలమండ ఎముక చుట్టూ బొటనవేలితో తడిమి, సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. షుగర్ పేషెంట్ల చెప్పులకు వాడే ఎంసీఆర్ షీటు తీసి, ఎముకకు తగలకుండా కింద, వెనక పట్టేలా కొడవలి ఆకారంలో నాలుగు ముక్కలు కోశాడు. అంచులు రాయి మీద అరగదీసి పల్చగా చేశాడు. "అంచు మందముంటే కాలును కోస్తది" అన్నాడు. సొల్యూషన్ పూసి లైనర్ బయటి వైపు అంటించాడు, లోపలి వైపు కాదు. డెన్వర్ షాపులో ఇలాంటి మెత్తలే ప్యాకెట్లలో అమ్మడం చూశాను, వాటినీ బయటి వైపే అంటిస్తారు. కాకా వేసిన ముక్కలు నిరుడు చలికాలమంతా కదల్లేదు. మడమ మళ్ళీ కూర్చుంది.

పెళ్ళైనవాళ్ళకు ఒక మాట. మెట్టెలు తీయకుండా స్కీ బూట్లు వేసుకోకండి. బూటు బిగించాక వెండి రింగు పక్క వేలిలోకి దిగుతుంది, చలికి వేలు వాచితే రింగు బయటికి రాదు. మా అత్తమ్మకు మొదట నచ్చలేదు. వాచిన వేలు చూపించాక ఆమే నా మెట్టెలను దారంతో ముడేసి పర్సులో పెట్టి ఇస్తోంది. పట్టీలూ అంతే, సాక్సు కింద ఏదీ ఉండకూడదు. సాక్సులో ఒక్క మడత ఉన్నా మధ్యాహ్నానికి పుండవుతుంది.

సొంత బూట్లున్నా స్కీలు నేను అద్దెకే తీసుకుంటాను. బూటు మడమ దగ్గర సోల్ పొడవు మిల్లీమీటర్లలో అచ్చువేసి ఉంటుంది. బైండింగ్‌ను ఆ అంకెకు, మన బరువుకు, ఎత్తుకు, వయసుకు, అనుభవానికి తగ్గట్టు సెట్ చేయించాలి. చిన్న బూట్లతో ఒక్కోసారి బైండింగ్ చివరిదాకా జరిపినా అందదు. అప్పుడు వేరే జత అడగండి, "నడుస్తుంది" అంటే ఒప్పుకోకండి. సోల్ గ్రిప్‌వాక్ రకమైతే (నడవడానికి వీలుగా కాస్త వంపు తిరిగిన సోల్) బైండింగ్ దానికి కుదిరేదో కాదో కూడా అడగాలి.

మన ఎండల సంగతి. స్కీ బూట్లకు మన మే నెల మంచిది కాదు. రేకుల కింద సజ్జ మీద పెడితే జిగురు వదులుతుంది, ప్లాస్టిక్ ఆకారం మారుతుంది. నేను లైనర్లు తీసి ఫ్యాన్ కింద బాగా ఆరబెట్టి, తిరిగి పెట్టి, బకిల్స్ మొదటి పన్నుకు వదులుగా వేసి, గుడ్డ సంచిలో పడకగది బీరువా కింద పెడతాను. వానాకాలంలో ఒకసారి బయటికి తీసి గాలి తగలనిస్తాను. ప్లాస్టిక్ కవర్లో మూట కట్టవద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది.

నచ్చనివీ ఉన్నాయి. జత మూడు కిలోల పైనే, విమానంలో నేను చేతి సంచిలోనే తీసుకెళ్తాను. పొద్దున చలిలో తొడుక్కోవడం యుద్ధమే, అందుకే రాత్రి గదిలో హీటర్‌కు దూరంగా, కానీ వెచ్చగా ఉంచుతాను. తొడుక్కున్నాక మడమను రెండుసార్లు నేలకు తట్టి, మొదట పాదం మలుపు దగ్గరి బకిల్ వేసి, ఆ తర్వాతే మిగతావి బిగిస్తే కాలు సరిగ్గా కూర్చుంటుంది. ధర నాకు 450 డాలర్ల దాకా అయ్యింది. ఒక్క రెండు వారాల కోర్సు కోసం ఇంత పెట్టమని ఏ పిల్లకూ చెప్పను. కోర్సుకు పేరిచ్చేటప్పుడే మాండో కొలత రాసి, ఆ సైజు బూట్లు ఉన్నాయా అని ముందే ఫోన్ చేసి అడగండి. రెండు జతల పల్చటి ఉన్ని సాక్సులు, అలాంటి ఎంసీఆర్ ముక్కలు, కొంచెం టేపు వెంట తీసుకెళ్ళండి. షెల్‌లో మడమ వెనక సందు మీరే చూసుకోండి. రెండో ఏడూ వెళ్ళాలనిపిస్తే మాత్రం స్కీలు, జాకెట్లు పక్కనపెట్టి ముందు బూట్లకే డబ్బు దాచుకోండి.

నా షెల్‌లకు ఇంకా చాలా ఏళ్ళ ఆయుష్షు ఉంది. లైనర్లు మాత్రం అయిపోయాయి, ఎడమదాని నాలుక దగ్గర గుడ్డ చిరుగుపట్టింది. ఈ చలికాలంలోపు లైనర్లు మాత్రమే కొత్తవి తెప్పించుకుంటున్నాను. వేడి చేసి కాలి ఆకారానికి అచ్చుపడేలా చేసుకునే రకం, 22.5 సైజు.